బొంగుతో కలం చెక్కుకుని ఓరుగల్లును గీయడం ఎలా

కాకతీయుల శిల్పం ముందు స్కెచ్ బుక్ తెరిచిన వాళ్లలో చాలామందికి ఒకటే చిక్కు. కళ్ల ముందు లెక్కలేనన్ని చెక్కడాలు, చేతిలో సన్న మొన జెల్ పెన్. ఒక మూలనున్న పూసలదండ దగ్గర మొదలుపెట్టి పూస పూసా గీస్తూ పోతారు. గంట గడిచేసరికి స్తంభం పైభాగం మాత్రమే అవుతుంది, అదీ కొంచెం వంకరగా. సన్న పెన్ను ఏది గీయమంటే అది గీస్తుంది. అసలు తంటా దాంతోనే.

బొంగు కలం అలా మాట వినదు. ఒకసారి సిరాలో ముంచితే నాలుగు గీతలకే ఆరిపోతుంది. పూసంత వివరం దాని మొనకు అందదు. గీత మొదట్లో నల్లగా, తడిగా ఉండి, చివరికి వచ్చేసరికి చీలికలు చీలికలై బూడిదరంగులోకి జారిపోతుంది. ఏడెనిమిది వందల ఏళ్లు ఎండావానల్లో నిలబడ్డ రాతి అంచు కూడా అట్లాగే ఉంటుంది, చూడండి. ఏది గీయాలి, ఏది వదిలేయాలి అన్నది కలం ముంచకముందే తేల్చుకోవాల్సి వస్తుంది. అందుకే ఈ ఊళ్లో బొమ్మలు వేసేవాళ్లు ఒకసారైనా దీన్ని చేతబట్టాలంటాను. పెద్ద ఖర్చు కూడా లేదు. ఎండిన బొంగు ముక్క, పదునైన కట్టర్, సిరా సీసా, ఒక ఆదివారం పొద్దున ఉంటే చాలు.

ఇదేమీ కొత్త వింత కాదు. లోహపు పాళీ రాకముందు నుంచే జనం రెల్లును, వెదురును కోసుకుని రాసుకున్నారు. ఉర్దూ కాతిబ్‌లు, అంటే చేతిరాత పనివాళ్లు, అందమైన రాతకు ఇలా కోసిన కలమే వాడతారు. రెంబ్రాంట్ రెల్లు కలంతో బొమ్మలు గీశాడు. వాన్ గో 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊళ్లో ఉన్నప్పుడు అక్కడి రెల్లునే కోసుకుని పొలాలు, చెట్లు, గడ్డివాములు గీశాడు. మనవైపు చూస్తే శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లది కూడా వెదురు పుల్లే, కాకపోతే దానికి ఉన్నిగుడ్డ చుట్టి ఉంటుంది. ఆ గుడ్డ సంగతి తర్వాత చెబుతాను, మనకు పనికొస్తుంది.

బొంగు ఎలాంటిది కావాలి

పచ్చిది వద్దు. పచ్చి బొంగు కోయడానికి సుఖంగానే ఉంటుంది, కానీ ఆరాక మొన వంకరపోతుంది, చీలిక నోరు తెరుస్తుంది. గోధుమరంగుకు తిరిగి, గోటితో కొడితే టక్కుమనే ఎండు బొంగు కావాలి. బొంగు చికెన్ తిన్నాక మిగిలిన గొట్టం దాచుకుందాం అనుకునేవాళ్లకు ముందే చెబుతున్నా, అది పనికిరాదు. అది పచ్చిది, పైగా నిప్పుల్లో పైపొర కాలిపోయి ఉంటుంది.

తేలికైన దారి, చాటలు, గంపలు అల్లే మేదరి వాళ్ల దగ్గరికి వెళ్లడం. వాళ్ల ముందు పడి ఉండే కత్తిరింపుల్లోనే మీ కలం ఉంటుంది. "అక్కా, ఎండిన బొంగు తునకలు రెండు ఇయ్యరాదే" అంటే చాలు. పైసలు తీసుకోకపోయినా, వచ్చేటప్పుడు ఒక చాట కొనుక్కుని రండి, ఇంట్లో పనికొస్తుంది. ములుగు, ఏటూరునాగారం అడవుల్లో వెదురుకు కొదవ లేదు గానీ, అటవీ భూమిలో అనుమతి లేకుండా నరకకూడదు. ఆ టెన్షన్ మనకెందుకు. పాత నిచ్చెన కర్ర, విరిగిన దడి, షామియానా వాళ్లు పారేసిన ముక్క, ఏదైనా ఫర్వాలేదు, పురుగు పట్టనిదైతే చాలు. పురుగు పట్టిన బొంగును నేల మీద కొడితే తెల్లటి పొడి రాలుతుంది.

రెండు రకాలుగా చేసుకోవచ్చు. చిటికెనవేలంత సన్నని గొట్టం దొరికితే గొట్టాన్నే కలంగా కోయొచ్చు. లావు బొంగైతే నిలువునా చీల్చి, పెన్సిల్ కన్నా కొంచెం వెడల్పున్న బద్ద తీసుకోవాలి. మొదటిసారి చేసేవాళ్లకు బద్దే మేలు, చేతిలో తిరగదు. ఏదైనా సరే, కణుపుకూ కణుపుకూ మధ్య భాగమే మొనకు వాడండి. కణుపు దగ్గర నారలు మెలితిరిగి ఉంటాయి, కత్తి ఎటు పోతుందో తెలియదు. పొడవు ఆరేడు అంగుళాలు సరిపోతుంది.

చెక్కడం

ముందు ముక్కను గంటసేపు నీళ్లలో నానబెట్టండి, కత్తికి లొంగుతుంది. కట్టర్ బ్లేడు కొత్తది వేసుకోండి. మొద్దు బ్లేడుతోనే చేతులు తెగుతాయి, ఎందుకంటే బలం పెట్టాల్సి వస్తుంది, బలం పెట్టినప్పుడే జారుతుంది. బొంగును పట్టుకున్న చేయి ఎప్పుడూ బ్లేడు వెనకే ఉండాలి. పిల్లలు చేస్తానంటే మీరు చెక్కి ఇవ్వండి.

బొంగుకు పైన నున్నటి గట్టి చర్మం ఉంటుంది, లోపలి వైపు మెత్తటి బెండు. కలం మొన అంతా ఆ చర్మంతోనే తయారవ్వాలి. ఇది గుర్తుంటే మిగతా కోతలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

మొదటి కోత లోపలి వైపు నుంచి. చివరికి అంగుళంపావు ముందు మొదలుపెట్టి, ఏటవాలుగా కిందికి, చివరన చర్మం ఒక్కటే పలుచగా మిగిలేలా కోయండి. ఒకే దెబ్బకు కాదు, పలుచని పొరలుగా తీస్తూ రండి. తర్వాత ఆ ఏటవాలు మీద మిగిలిన బెండును బ్లేడు అంచుతో గీకేయండి. బెండు మిగిలితే అది సిరాను పీల్చుకుని ఉబ్బుతుంది, మొన మెత్తబడి గీత మొద్దుబారుతుంది. వేలితో తడిమితే నున్నగా, గట్టిగా తగలాలి.

రెండో కోతతో భుజాలు తీయాలి. మొన వైపు సుమారు అర అంగుళం మేర, రెండు పక్కల నుంచీ సమానంగా లోపలికి తగ్గించుకుంటూ వచ్చి, చివర మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు మిగల్చండి. ఇంకా సన్నగా చేయాలని చేయి లాగుతుంది, లొంగకండి. తర్వాత ఎప్పుడైనా తగ్గించుకోవచ్చు, పెంచలేం.

ఇక చీలిక. అందరూ భయపడేది దీనికే. మొన మధ్యలో బ్లేడు మూలను నిటారుగా ఆనించి, మెల్లగా నొక్కుతూ పైకి ఒక సెంటీమీటరు దాకా పోనివ్వండి. బొంగు నార నిలువుగా ఉంటుంది కాబట్టి చీలిక తానే తిన్నగా పోతుంది. ఆగకుండా పోతుందేమోనని అనుమానముంటే, చీలిక ఆగాల్సిన చోట ముందే సన్నటి సూదిని వేడి చేసి చిన్న రంధ్రం పెట్టండి, అక్కడికి వచ్చి ఆగిపోతుంది. చీల్చాక వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మామూలుగా ఉన్నప్పుడు చీలిక వెంట్రుకలా మూసుకుని ఉండాలి, మొనను కాగితం మీద కాస్త నొక్కితేనే తెరుచుకోవాలి. ఎప్పుడూ తెరిచే ఉందంటే మొన మరీ పలుచబడినట్టు లెక్క. అంత మేర కోసేసి మళ్లీ మొదలుపెట్టడమే.

చివరి కోత గాజు ముక్క మీదో, పాత టైల్ మీదో పెట్టి కొట్టాలి. చెక్క మీద పెడితే మొన కుంగి అంచు చిరుగుతుంది. మొనను బోర్లా పెట్టి, బ్లేడు నిటారుగా పట్టి, ఒకే నొక్కుతో అడ్డంగా కోసేయండి. టక్ అని చప్పుడు రావాలి. ఆ అంచు ఎంత శుభ్రంగా ఉంటే గీత అంత శుభ్రంగా వస్తుంది. రాతకైతే మూలలు అలాగే ఉంచుతారు. బొమ్మలకు మాత్రం సన్నని సాండ్‌పేపర్ మీద ఒకటి రెండుసార్లు ఆడించి మూలలు కొద్దిగా గుండ్రం చేయండి, ఏ దిక్కుకు తిప్పినా కాగితాన్ని గీరదు. కలం రెండో చివర కూడా ఊరికే ఉంచడం ఎందుకు, అటు ఆరేడు మిల్లీమీటర్ల పట్టె మొన చెక్కుకోండి. నీడలు నింపడానికి అది కావాలి.

సిరా

మామూలు ఫౌంటెన్ పెన్ సిరాతో మొదలుపెట్టండి. పలుచగా పారుతుంది, చొక్కా మీద పడ్డా కొంత పోతుంది, తడి వేలితో రుద్దితే నీడ కూడా వస్తుంది. చేయి కుదిరాక వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకుకు మారొచ్చు. అది ఆరాక పైన నీటిరంగులు వేసినా కరగదు. అయితే ఆ ఇంకును పొరపాటున కూడా ఫౌంటెన్ పెన్నులో పోయకండి, లోపల గడ్డకట్టి పెన్ను పోతుంది. బొంగు కలానికి ఆ బాధ లేదు. గడ్డకడితే గీకేస్తే సరి.

సొంతంగా సిరా కాచుకోవాలని ముచ్చటపడేవాళ్లకు కరక్కాయ ఉంది. మూలికల దుకాణంలో కరక్కాయలు, అన్నభేది (ఇనుము ఉండే ఒక లవణం) రెండూ దొరుకుతాయి. గింజ తీసేసిన కరక్కాయ పెచ్చులు ఇరవై అయిదు గ్రాములు కచ్చాపచ్చాగా దంచి, గ్లాసు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున సన్నమంట మీద సగానికి మరిగించి వడకట్టండి. ఇనుప గిన్నె వాడకండి, వంటకు వాడేది అసలే వద్దు. చల్లారాక ఒక చెంచా అన్నభేది వేసి కలిపితే గోధుమరంగు కషాయం మీ కళ్ల ముందే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు, అన్నభేదిలోని ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది. అర చెంచా తుమ్మబంక నీళ్లలో కరిగించి కలిపితే సిరాకు కాస్త చిక్కదనం వచ్చి కలాన్ని పట్టుకుని ఉంటుంది. ఈ సిరా గీసినప్పుడు కొంచెం వెలిసినట్టుండి, గాలి తగిలే కొద్దీ నల్లబడుతుంది. పుల్లదనం ఉంటుంది కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది. పదికాలాలు దాచుకోవాల్సిన బొమ్మకు వాడొద్దు. గుడ్డల మీద పడితే మరక ఇక పోదు, పిల్లలకు అందనివ్వకండి.

బయటికి తీసుకెళ్లడానికి సీసా వద్దే వద్దు. అడుగు వెడల్పున్న ఖాళీ బామ్ డబ్బాలో పాత పట్టుచీర అంచు నుంచి లాగిన దారాలను ఉండచుట్టి పెట్టి, దారాలు తడిసేంత సిరా మాత్రమే పోయండి. కాతిబ్‌ల దవాతులో (సిరాబుడ్డిలో) కూడా ఇలాగే పట్టుపోగులు ఉంటాయి. కలాన్ని ఆ దారాలకు అద్దితే కావాల్సినంతే ఎక్కుతుంది, డబ్బా ఒరిగినా సిరా పారదు. గుడి రాతి మీద సిరా ఒలికితే తుడిచినా పోదు. ఎక్కడ గీసినా డబ్బాను రాతి మీద పెట్టకుండా ఒళ్లో, గుడ్డ మీద పెట్టుకోండి.

కాగితం గురించి ఎక్కువ చెప్పేది లేదు. కాస్త మందంగా, నున్నగా ఉండాలి. నోట్‌బుక్ కాగితం మీద సిరా పాకుతుంది. ఇంట్లో కుప్పపడి ఉన్న పెండ్లి పత్రికల వెనకవైపు బ్రహ్మాండంగా పనికొస్తుంది, మెరుపు పూత లేనివైతే. పూత ఉన్నదాని మీద సిరా నీటిబొట్టులా నిలబడిపోయి మీ మోచేతికి అంటుకుంటుంది.

మొదటి పేజీ

బొమ్మకు పోకుండా ఒక పేజీ మొత్తం గీతలకే కేటాయించండి. కొత్త కలం సిరాను వెంటనే పట్టదు. మొనను కాసేపు మంచినీళ్లలో ముంచి, తుడిచి, అప్పుడు సిరాలో పెట్టండి. మొదటి బొట్టును పక్కనున్న చిత్తుకాగితం మీద వదలండి, లేకపోతే అది మీ బొమ్మ మధ్యలో పడుతుంది.

కలాన్ని మామూలు పెన్నులా పట్టి మీ వైపు లాగండి. తర్వాత పక్కకు. తర్వాత బోర్లా తిప్పి వీపుతో గీయండి, సన్నటి, పొడి గీత వస్తుంది. మొనను పక్కకు ఒరగబెట్టి చర్మం అంచుతో రుద్దితే రాతి గరుకు లాంటి మచ్చ వస్తుంది. స్టీలు పాళీలా నొక్కితే గీత లావవుతుందనుకోకండి, నొక్కుడుకు బొంగు పెద్దగా వంగదు. లావూ సన్నమూ కలాన్ని తిప్పడంలోనే ఉంటాయి. ముందుకు నెట్టి గీస్తే మొన కాగితంలో చిక్కుకుని సిరా చిమ్ముతుంది, దాన్ని కూడా ఒకసారి కావాలని చేసి చూడండి.

ముఖ్యమైనది సిరా అయిపోతున్నప్పుడు ఏం జరుగుతుందో చూడటం. ఒకసారి ముంచి, ఆగకుండా గీతలు గీస్తూ పోండి. తడి గీత, మామూలు గీత, పొడి గీత, చివరికి కాగితాన్ని తాకీ తాకనట్టుండే గీరుడు. ఒక్క ముంపులోనే మీకు నాలుగు నలుపులున్నాయి. ఏ నలుపు దేనికి అన్నది ముందే అనుకుంటే చాలు. తడి గీత నీడలకు, పొడి గీత వెలుతురు తగిలే వైపుకు.

మధ్య మధ్య ముంచడం మరీ విసుగనిపిస్తే ఆ కలంకారీ చిట్కా. మొనకు ముప్పావు అంగుళం పైన ఉన్నిదారం నాలుగు చుట్లు చుట్టి నూలుతో బిగించండి. సిరాలో ముంచితే ఆ చుట్టు సిరాను దాచుకుంటుంది, వేలితో మెల్లగా నొక్కితే మొనకు దిగుతుంది. పొడవాటి గీతలు వస్తాయి. నాకు మాత్రం చుట్టు లేని కలమే ఇష్టం, ముంచడానికి ఆగినప్పుడల్లా తలెత్తి చూడాల్సి వస్తుంది కాబట్టి.

తోరణం ముందు

ఖిలా వరంగల్‌లో శిథిలమైన స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలున్నాయి. తెలంగాణ రాజముద్రలో కనిపించేది ఈ తోరణమే. బొంగు కలానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. ఆకారం పెద్దది, సూటిగా ఉంటుంది, వెనక ఆకాశం తప్ప ఏమీ ఉండదు.

పొద్దున్నే వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడితేనే నీడలు పొడవుగా ఉంటాయి. పైగా ఎండాకాలంలో పది దాటితే సిరా మొన మీదే ఎండిపోతుంది, గీత మధ్యలో తెగిపోతుంది. తప్పనిసరైతే పక్కన తడిగుడ్డ పెట్టుకుని ప్రతి ముంపుకు ముందు మొన తుడవండి.

పెన్సిల్ వద్దు. తోరణం ఎత్తూ వెడల్పూ తెలిసేలా కాగితం మీద కలంతోనే నాలుగు చుక్కలు పెట్టండి. ఆ తర్వాత స్తంభాలను కాదు, వాటి మధ్య నుంచి కనిపించే ఆకాశాన్ని గీయండి. అది ఒక ఖాళీ ఆకారం, దానికి అంచులు కొన్నే. అది కుదిరితే స్తంభాలు వాటంతటవే నిలబడతాయి. ఇప్పుడు కలం నిండా సిరా తీసుకుని, పైదూలం కింద పడే నీడను పట్టె మొనతో ఒక్క లాగుడులో వేయండి. బొమ్మలో అన్నిటికన్నా నల్లటి చోటు అదే, దాన్ని ముందే వేస్తే మిగతావన్నీ ఎంత తేలిగ్గా ఉండాలో తెలిసిపోతుంది. మొనలో మిగిలిన సిరాతో స్తంభాల నీడ వైపు. పూర్తిగా పొడిబారాక వెలుతురు వైపు అంచు, అదీ అక్కడక్కడ తెగిపోనిచ్చి.

చెక్కడాలా? దూలం మీది దండలు, పూలు, చివర్ల హంసలు, అన్నీ ఉన్నాయి, తెలుసు. నీడకూ వెలుతురుకూ సరిహద్దున ఉన్న వాటిని మాత్రం నాలుగైదు మచ్చలతో సూచించి వదిలేయండి. మిగతాది చూసేవాళ్ల కన్ను పూరించుకుంటుంది.

ఇది చేతికి వచ్చాక 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడికి పోండి. అక్కడ స్తంభాల జోలికి వెంటనే పోకుండా నంది దగ్గర కూర్చోండి. నల్లరాయి, నున్నటి మెరుగు. ఇక్కడ పని తిరగబడుతుంది, నలుపంతా వేయాలి, మెరిసే చోట కాగితాన్ని ఖాళీగా ఉంచాలి. మూపురం మీది మెరుపును ముందే మనసులో గీత గీసుకుని, దాని చుట్టూ నలుపు నింపుకుంటూ రండి. ఒకసారి సిరా పడ్డ చోట మళ్లీ తెలుపు రాదు. పాలంపేట రామప్ప గుడిలోని నల్లరాతి మదనికలు, అంటే నాట్యభంగిమల్లో ఉన్న స్త్రీ శిల్పాలు, ఇంకా పై తరగతి. ఆ గుడి 1213 నాటిది, 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు వచ్చింది కాబట్టి జనం కూడా ఎక్కువ. ఒక్క మదనిక వంపును ఒకే గీతలో, సిరా అయిపోయేలోపు పట్టుకోగలిగితే ఆ రోజుకు చాలు.

ఎక్కడ కూర్చున్నా పిల్లలు మూగుతారు. "అన్నా, ఏం పెన్నది? జర నాకియ్యవా" అంటారు. రెండో కలం ఒకటి, కొన్ని పెండ్లి పత్రికలు సంచిలో ఉంచుకుంటే మీ పని మీరు చేసుకోవచ్చు.

కదిలే మనుషులు

రాళ్లు విసుగొస్తే మిర్చి సీజన్‌లో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లండి. ముక్కుకు దస్తీ కట్టుకోండి, దగ్గుతో చేయి కదిలితే గీత పోతుంది. దారికి అడ్డం రాకుండా ఒక పక్కన నిలబడి బస్తా మోసే హమాలీని చూడండి. వంగిన వీపు, దాని మీద బస్తా, బరువు పడ్డ కాలు. మూడు గీతలు, మూడూ పట్టె మొనతోనే. మనిషి దాటిపోయాక తల, రుమాలు గుర్తున్నంత వరకు చేర్చండి. ముఖం వేయబోకండి, ఈ కలంతో అది రాదు, వచ్చినా ఎవరో తెలిసేలా గీస్తే అవతలివాళ్లకు నచ్చకపోవచ్చు. వానాకాలంలో మాత్రం ఇలాంటి చోట్ల కాగితం చెమ్మపట్టి సిరా పాకుతుంది. స్కెచ్ బుక్‌ను ప్లాస్టిక్ కవర్లో తీసుకెళ్లండి.

ఇంటికొచ్చాక

మొనను నీళ్లలో కడిగి, చీలికలోకి పలుచని కాగితం అంచు పోనిచ్చి లాగండి, లోపలి సిరా వస్తుంది. నీళ్లలో వదిలేయకండి, మొన ఉబ్బుతుంది. ఎండలో కాకుండా నీడలో పడుకోబెట్టి ఆరబెట్టండి. మొన వాడేకొద్దీ అరిగి కుచ్చులా అవుతుంది, గీత మసకబారుతుంది. అప్పుడు టైల్ మీద పెట్టి మిల్లీమీటరు మేర కోసేస్తే మళ్లీ కొత్త కలమే. కోసేకొద్దీ చీలిక పొట్టిదవుతుంది కాబట్టి మధ్య మధ్య దాన్ని కొంచెం పైకి పొడిగించుకోవాలి. అలా కోస్తూ కోస్తూ కణుపు దగ్గరికి వచ్చేలోగా రెండోది చెక్కి పెట్టుకోండి. ఈసారి చివరి కోతను అడ్డంగా కాకుండా కాస్త ఏటవాలుగా కొట్టి చూడండి, ఎడమచేతి వాటం వాళ్లయితే ఆ ఏటవాలును ఎదురు దిక్కుకు తిప్పి.